చెడకముందే మరమ్మతు: యంత్ర సంరక్షణ చరిత్ర

గోటితో పోవుదానిని గొడ్డలి దాక తెచ్చుకొనరాదని పెద్దలందురు. ఈ సామెతలోని బుద్ధి ఇంటి పైకప్పునకును, చెరువు కట్టకును వర్తించునని ఎల్లరెరుగుదురు. యంత్రములకును వాహనములకును దీనినొక నియమముగా, పట్టికగా, తుదకు చట్టముగా మార్చుకొనుటకు మాత్రము లోకమునకు ఎన్నో తరములు పట్టినది. నేడు బస్సు డిపోలోనో, రైలు కార్ఖానాలోనో గోడకు వ్రేలాడు తనిఖీ పట్టికను చూచినవారికి అది పొడి లెక్కగా తోచవచ్చును. ఆ పట్టికలోని పంక్తులలో పెక్కింటి వెనుక ఒక్కొక్క ప్రమాదమున్నది. ఆ చరిత్రను తెలిసికొనిన పిమ్మట ఆ పట్టికను తేలికగా చూచుట ఎవరికిని సాధ్యము కాదు.

పల్లెలలోని పాత పద్ధతి

యంత్రములు రాకముందే తెలుగు పల్లెలలో పనిముట్ల రక్షణకు ఒక క్రమముండెడిది. ఆముదములో గడ్డిమసి కలిపి చేసిన కందెనను ఇరుసునకు పూయనిదే బండివాడు దూరప్రయాణమునకు ఎడ్లను కట్టెడివాడు కాడు. కందెన గొట్టము బండితోడనే పోయెడిది. చక్రము కూత పెట్టిన తరువాత కందెన కొఱకు వెదకువానిని చూచి తోడి బండివారు నవ్వెడివారు. కూత పుట్టకముందే పూయుట బండివాని నేర్పు. ఏరువాకకు ముందు నాగళ్లును కాడులును వడ్రంగి వాకిట చేరెడివి. కర్రులు కమ్మరి కొలిమిలో పదునెక్కెడివి. మహర్నవమినాడు ఆయుధపూజ పేరిట ఇంటిలోని ప్రతి పనిముట్టును కడిగి, తుడిచి, ఒకమారు చేతిలోనికి తీసికొని చూచెడివారు. ఆ పూజ నేటికిని మోటారు కార్ఖానాలలోను, అచ్చుకూటములలోను నిలిచియున్నది.

ఈ పద్ధతిలో గమనింపదగిన విశేషమొకటి కలదు. వడ్రంగియు కమ్మరియు గ్రామపు ఆయగాండ్రు. నాగలి విరిగినప్పుడెల్ల వారికి కూలి ఇచ్చుట వాడుక కాదు. ఏటేట కల్లములో ధాన్యము కొలుచునప్పుడు వారి మేర వారికి ముట్టెడిది. నాగళ్లెన్ని విరిగినను వారి రాబడి పెరుగదు, శ్రమ మాత్రము పెరుగును. కావున పనిముట్టు చెడకుండ చూచుటయే రైతునకును, పనివానికిని ఉభయతారకముగా నుండెడిది. చెడినప్పుడు బాగుచేసి సొమ్ము గడించు వాని కంటె, చెడకుండ చూచి జీతము పొందువాడు మేలను సూత్రము ఇందులో నున్నది.

అయితే ఈ క్రమమంతయు జ్ఞాపకముపైన, ఆచారముపైన నడిచినది. ఎడ్లబండి ఇరుసు విరిగినచో నాలుగు బస్తాలు దారిలో పడును. రైతు ఒక పూట ఆలస్యముగా ఇల్లు చేరును. అంతటి నష్టమునకు జ్ఞాపకము చాలును. ఆవిరి యంత్రము వచ్చిన తరువాత ఒక్కని మరపు వందలమంది ప్రాణములకు ముప్పు తేగలదని తేలినది.

బాయిలరు నేర్పిన పాఠము

బాయిలరు మూసిన కుండ వంటిది. లోపల ఆవిరి ఒత్తిడి, చుట్టును ఇనుప రేకు. నీటిలోని ఉప్పులు లోపలి గోడకు పొరలుగా కట్టును. పొర మందమైనచో నిప్పు వేడి నీటికి చేరక రేకు అతిగా కాగి మెత్తబడును. మరియొక ప్రక్క త్రుప్పు దానిని పలుచన చేయును. ఈ రెండును వెలుపలికి కానరావు. నిప్పు ఆర్పి, నీరు తోడి, లోపల పరీక్షించిననే తెలియును. అందుకు పని ఆపవలెను. పని ఆపినందువలన కలుగు నష్టము అప్పుడే కంటికి కనబడును. ఆపనందువలన రాబోవు నష్టము కనబడదు. యంత్ర సంరక్షణ చరిత్ర యంతయు కనబడు నష్టమునకును కనబడని నష్టమునకును నడుమ సాగిన వ్యాజ్యమే యనవచ్చును.

ఇంగ్లండులో బట్టల మిల్లులకు కేంద్రమైన మాంచెస్టరు నగరమున బాయిలరులు తరచుగా పగులుచుండెను. 1854లో విలియం ఫెయిర్‌బెయిర్న్ అను ప్రసిద్ధ ఇంజనీరు మొదలగువారు పూనుకొని బాయిలరు ప్రమాదములను నివారించు సంఘమును స్థాపించిరి. మిల్లు యజమానులు చందాలు చెల్లింతురు. సంఘపు తనిఖీదారులు నియమిత కాలములందు వచ్చి బాయిలరులను పరీక్షించి వ్రాతమూలకముగా నివేదిక యిత్తురు. పగిలిన తరువాత కారణమును వెదకుట మాని, పగులకముందే పరీక్షించుట ఒక వ్యవస్థగా నడచిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

అమెరికాలో ఈ పాఠము మిక్కిలి ఖరీదుగా నేర్వవలసి వచ్చినది. 1865 ఏప్రిల్ నెలలో అచ్చటి అంతర్యుద్ధము ముగియుచుండెను. చెరలనుండి విడుదలయైన సైనికులను ఇండ్లకు చేర్చు పడవలకు ప్రభుత్వము తలకింత చొప్పున బాడుగ నిచ్చుచుండెను. సుల్తానా యను ఆవిరిపడవ విక్స్‌బర్గు రేవును చేరునప్పటికి దాని బాయిలరులలో నొకదాని రేకు ఉబ్బి కారుచుండెను. చెడిన భాగమును కోసి క్రొత్త రేకు వేయవలెనని పనివాడు చెప్పెను. అందుకు కొన్ని దినములు పట్టును. ఈలోపల బాడుగ ఇతర పడవల పాలగును. కావున ఉబ్బిన చోట రేకు ముక్కతో మాటు వేయించి పడవను బయలుదేరదీసిరి. 376 మందిని మాత్రమే మోయుటకు అనుమతి గల ఆ పడవపై రెండువేల మందికి పైగా ఎక్కిరి. ఏప్రిల్ 27వ తేదీ తెల్లవారక పూర్వము, మెంఫిస్ నగరము దాటిన పిమ్మట, మిసిసిపి నది నడుమ బాయిలరులు పగిలినవి. నిప్పునకును నీటికిని చిక్కి 1,100 మందికి పైగా మరణించిరి. యుద్ధములో చావక, చెరలో చావక, ఇంటి దారిలో చనిపోయిన వారి కథ వినిన ఎవరికైనను మనసు కలగక మానదు. ప్రమాద కారణములను గూర్చి పండితులలో భేదాభిప్రాయములున్నను, తొందరలో వేసిన ఆ మాటును పేర్కొనక విడిచిన వారు లేరు.

మరుసటి యేడు, అనగా 1866లో, హార్ట్‌ఫర్డు నగరమున బాయిలరు తనిఖీకిని భీమాకును ఒక కంపెనీ వెలసినది. పగిలినచో పరిహార మిచ్చుట భీమా కంపెనీల వాడుక. ఈ కంపెనీ పరిహారము కంటె పరీక్షను ముఖ్యముగా నెంచినది. బాయిలరు పగులనంతవరకే కంపెనీకి లాభము గనుక పరీక్ష శ్రద్ధతో జరుగును. కల్లములో మేర పుచ్చుకొను కమ్మరి కథయే ఇచ్చట మరియొక రూపమున కనబడుచున్నది.

భారతదేశమున 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పగిలి పలువురు మరణింపగా, 1864లో బెంగాలులో తనిఖీ చట్టము వచ్చినది. తరువాత రాష్ట్రమున కొక విధముగా నున్న నిబంధనలను ఏకము చేసి 1923లో భారత బాయిలరుల చట్టము చేసిరి. పండ్రెండు మాసములకు మించని గడువుతో ధ్రువపత్రమునిచ్చి, గడువు తీరిన పిమ్మట మరల పరీక్షింపనిదే బాయిలరును వాడరాదని అది శాసించినది. తెలుగు జిల్లాలలోని చక్కెర మిల్లులును, ఉప్పుడు బియ్యపు మిల్లులును ఈ నియమమునకు లోబడియే నడచినవి. 2025లో పార్లమెంటు ఆ పాత చట్టమునకు బదులుగా క్రొత్త చట్టము చేసినది. తనిఖీ సూత్రము మాత్రము మారలేదు.

ఇరుసులోని అలసట

ఇంతకు పూర్వమే రైలుమార్గము మరియొక రహస్యమును బయటపెట్టినది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమున వెర్సాయి నగరములో రాజోత్సవము చూచి పారిసునకు మరలుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగినది. పెట్టెలు ఒకదానిపై నొకటి ఎక్కి తగులబడెను. తలుపులకు వెలుపల తాళములు వేసియుండుటచే లోనివారు బయటపడలేకపోయిరి. ఏబదిమందికి పైగా మరణించిరి. విరిగిన ఇరుసు మంచి ఇనుముతో చేసినదే. మోయదగిన బరువునకు మించి దానిపై మోపినదియు లేదు. మరి ఎందులకు విరిగెను?

ఇంజనీర్లు పెక్కేండ్లు ఈ ప్రశ్నను పరిశోధించిరి. జర్మనీలో ఔగుస్ట్ వోలర్ అను రైల్వే ఇంజనీరు ఇరుసులను లక్షలమారులు త్రిప్పి పరీక్షించి 1870 నాటికి ఒక సత్యమును స్థిరపరచెను. ఒక్కమారు మోపినచో ఏ హానియు చేయని బరువే, లక్షలమారులు మరల మరల మోపినచో ఉక్కులో వెంట్రుకవాసి పగులును పుట్టించును. ఆ పగులు క్రమముగా పెరిగి తుదకు ఇరుసును విరుచును. మనుష్యునివలె లోహమును అలయును. కాని మనుష్యునివలె చెప్పుకొనలేదు. కావున ఇరుసు ఎంత బాగుగా కనబడినను, నడచిన దూరమును లెక్కించి పరీక్షింపవలెను.

ఈ తెలివి నుండియే రైల్వేలలో నియతకాల మరమ్మతు పద్ధతి బలపడినది. 1862లో బీహారులోని జమాల్‌పూరునను, 1893లో సికింద్రాబాదు చెంత లాలాగూడాలోను నెలకొన్న కార్ఖానాలు ఈ పనికి పేరుగాంచినవి. బండి చెడినను, చెడకున్నను గడువు రాగానే కార్ఖానాకు చేరవలసినదే. రైలుపెట్టె ప్రక్కను చూచువారికి అక్షరములతోపాటు కొన్ని తేదీలు కనబడును. మరమ్మతు జరిగిన దినమును, మరల కార్ఖానాకు రావలసిన దినమును అవి తెలుపును. వెనుకటి రోజులలో స్టేషనులో పొడుగు పిడి సుత్తితో చక్రములను తట్టుచు పోవు మనిషి యుండెడివాడు. కుండను తట్టి కొను గృహిణివలె అతడు చక్రపు నాదమును విని లోని పగులును కనిపెట్టెడివాడు. తరువాతి కాలమున ఆ పనికి చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి చూచు పరికరములు వచ్చినవి.

బస్సు డిపోలోని రాత్రిపని

నైజాము రాష్ట్రమున 1932 జూన్ నెలలో రైల్వే శాఖకు అనుబంధముగా 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ప్రభుత్వ రోడ్డు రవాణా ఆరంభమైనది. దాని వారసత్వముననే 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. ఒక బస్సు గల యజమానికి తన బండి గుణదోషములు కంఠస్థముగా నుండును. వందల బస్సులు, బస్సునకు దినమున కొక డ్రైవరు గల చోట ఏ ఒక్కని జ్ఞాపకమును చాలదు. అచ్చట కాగితమే జ్ఞాపకము. డ్రైవరు బండి దిగునప్పుడు బ్రేకు లాగుచున్నదనియో, స్టీరింగు వణకుచున్నదనియో వ్రాసి యిచ్చును. రాత్రి మెకానిక్కు సరిచేసి సంతకము చేయును. ప్రతిదినము చూడవలసినవి కొన్ని. వారమున కొకమారు చూడవలసినవి కొన్ని. ఇన్ని కిలోమీటర్లు నడచిన పిమ్మట విప్పి చూడవలసినవి కొన్ని. తెల్లవారి తొలి బస్సెక్కు పల్లెవాసికి ఈ రాత్రిపని కనబడదు. కనబడకుండుటయే అది చక్కగా జరిగినదనుటకు గుర్తు.

1939 నాటి మోటారు వాహనముల చట్టము బాడుగ వాహనములన్నింటికి యోగ్యతాపత్రమును విధించినది. 1988 నాటి చట్టమును దానిని నిలిపినది. అయితే ఆ పత్రము తనిఖీ జరిగిన నాటి స్థితిని మాత్రమే చెప్పును. మిగిలిన దినములకు పూచీ బండి కలవానిదే.

అతి చేయుటయు హానియే

తరచుగా విప్పి చూచినకొలది యంత్రము బాగుగా నుండునని చిరకాలము నమ్మిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఈ నమ్మకము తలక్రిందులయినది. జలాంతర్గాములను వేటాడు బ్రిటిషు విమానములను ప్రతి 50 గంటల ప్రయాణమునకొకమారు తనిఖీ చేయుచుండిరి. వాడింగ్టన్ అను జీవశాస్త్రజ్ఞుడును, ఆతని సహచరులును మరమ్మతు రిజిస్టర్లను లెక్క కట్టగా వింత యొకటి బయటపడినది. తనిఖీ జరిగిన వెంటనే లోపములు ఎక్కువగును. గంటలు గడచినకొలది అవి తగ్గును. బాగుగా నడచుచున్న భాగములను అనవసరముగా కదలించుటచేతనే క్రొత్త లోపములు పుట్టుచున్నవని తేలెను. అక్కరలేని పనులను తగ్గించి, గడువులను సవరింపగా విమానములు మునుపటికంటె ఎక్కువ గంటలు ఎగురగలిగినవి. ఈ వృత్తాంతము 1973లో అచ్చయిన వాడింగ్టన్ గ్రంథమున కలదు. 1978లో అమెరికాలో నౌలన్, హీప్ అను ఇరువురు విమాన సంస్థ ఉద్యోగులు వెలువరించిన నివేదికయు, పెక్కు భాగములకు నిర్ణీతమైన ఆయువు లేదనియు, అట్టివాని స్థితిని కనిపెట్టి యుండుటయే మేలనియు చెప్పినది. కావున పట్టిక యనగా తోచినట్లు వ్రాసికొనిన వ్రతము కాదు. జరిగినదానిని వ్రాసి, లెక్కించి, దిద్దుకొనవలసినది.

జపానువారు దీనికి మరియొక మెట్టు చేర్చిరి. మరమ్మతువానిదే రక్షణభారమనక, యంత్రమును నడపువాడే దానిని ప్రతిదినము తుడిచి, నూనె వేసి, మరలు బిగించి చూచుకొనవలెనని వారు నిర్ణయించిరి. 1971లో నిప్పాన్‌డెన్సో కంపెనీ ఈ పద్ధతికి ప్రసిద్ధి కెక్కినది. తన కందెనగొట్టమును తానే మోసికొని పోయిన బండివానికి ఇది క్రొత్త విద్యగా తోచదు.

గడువు పొడిగించిన ఫలము

లెక్కలు చూచి గడువు సవరించుట వేరు. ఖర్చు చూచి గడువు పొడిగించుట వేరు. 2000 జనవరి 31వ తేదీన అలాస్కా ఎయిర్‌లైన్స్ 261వ విమానము కాలిఫోర్నియా తీరము చెంత సముద్రమున కూలి అందలి 88 మందియు మరణించిరి. విమానపు తోకరెక్కను కదలించు మరకడ్డీ యొకటి కలదు. దానికి పట్టిన నట్టులోని మరలు పూర్తిగా అరిగిపోయినవి. ఆ మరకడ్డీకి గ్రీజు వేయు గడువును అంచెలంచెలుగా పెంచి, 1996 నాటికి ఎనిమిది నెలలకొకమారుగా చేసిరి. 1997లో జరిగిన తనిఖీలో అరుగుదల హద్దు దాక వచ్చినదని తేలి నట్టును మార్చవలెనని మొదట వ్రాసిరి. మరల కొలిచి, హద్దులోనే యున్నదని విడిచిరి. సముద్రము నుండి వెలికి తీసిన ఆ కడ్డీ పనిచేయు భాగమున జిడ్డు ఆనవాలు లేదు. ఇన్ని కోట్ల విలువ గల విమానమును, ఇందరి ప్రాణములను కాపాడవలసినది గుప్పెడు గ్రీజు మాత్రమే.

తుంగభద్ర గొలుసు

ఈ కథలు దూరదేశములవని ఊరట చెందుటకు వీలులేదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, లాకుల తలుపులు సరిచేయు ఆచారము ఆనకట్టల నాటినుండి వచ్చినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. నీరు లేని ఆ కొద్ది వారములే కాలువలకు వైద్యకాలము. మరియొక పంటకు నీరు కావలెనను ఆశతో ఆ గడువు కుదించినప్పుడెల్ల పని కుంటుపడును.

తుంగభద్ర జలాశయమునకు 33 గేట్లు కలవు. 1953 నుండి అది కర్ణాటకకును, రాయలసీమకును, తెలంగాణకును నీరిచ్చుచున్నది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, జలాశయము నిండుగా నున్న వేళ, 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. కట్టపై భారము తగ్గించుటకు ఇతర గేట్లను కూడ ఎత్తవలసి వచ్చినది. పదుల టి.ఎం.సి.ల నీరు నదిపాలయినది. నాట్లు వేసిన రైతులు రాత్రులు నిద్ర లేక గడపిరి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యమున పనివారు పారుచున్న నీటిలోనే ఇనుప అడ్డుపలకలను ఒకదానిపై నొకటి దింపి వారము దినములలో ఆ ఖాళీని మూసిరి. ఆ సాహసము చిరస్మరణీయము. ఆ యేడు తరువాతి వరద కరుణించి జలాశయము మరల నిండినది. అయినను మిగిలిన గేట్ల బలమును శంకించి 2025లో నిలువను 80 టి.ఎం.సి.లకే పరిమితము చేసిరి. నిండు సామర్థ్యము సుమారు 105. తెగినది గొలుసు ఒక్కటే. కొఱత పడినది మూడు రాష్ట్రముల పొలములకు.

చరిత్ర చెప్పు నియమములు

ఈ వృత్తాంతములనుండి తేలు నియమములు నాలుగు. మొదటిది, గడువు ముందుగా నిర్ణయింపవలెను. తీరిక దొరికినప్పుడు చూతమనుకొనినచో తీరిక దొరకదు. రెండవది, ప్రతి పనికి ఒక మనిషి పూచీపడవలెను. అందరి పని ఎవరి పనియు కాదు. మూడవది, చేసిన పనిని తేదీతో వ్రాసి సంతకము చేయవలెను. ఆ వ్రాతనుబట్టియే గడువును దిద్దవలెను. నాలుగవది, గడువు వచ్చిననాడు యంత్రమును ఆపు ధైర్యముండవలెను. మొదటి మూడును ఉండి నాలుగవది లేనిచోట పట్టిక గోడకు అలంకారము మాత్రమే.

ఇవి పెద్ద సంస్థలకే పరిమితములు కావు. నేడు పల్లెలో ట్రాక్టరున్నది, పొలమున మోటారున్నది, పంచాయతీ నీటి పంపున్నది, పిల్లలను తీసికొనిపోవు బడి బస్సున్నది. ట్రాక్టరు నడచిన గంటలను చూపు మీటరు దాని ముందు భాగముననే కలదు. ఎన్ని గంటలకు నూనె మార్చవలెనో, ఎప్పుడు గాలి వడపోత శుభ్రపరచవలెనో కంపెనీ యిచ్చు చిన్నపుస్తకములో నుండును. ఆ పుస్తకమును పెట్టె అడుగున పడవేయక, ప్రక్కన నొక నోటుపుస్తకము పెట్టి తేదీలు వ్రాసికొనినచో, కోతల వేళ బండి ఆగి కూలీలు గట్టుమీద కూర్చుండు దుఃస్థితి చాలవరకు తప్పును. బడి బస్సు బ్రేకులను గూర్చిన నోటుపుస్తకము విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రంథాలయమున ప్రతి పుస్తకము లోపల ఒక చీటీ అంటించి, తిరిగి యిచ్చు గడువు తేదీ వేయుట చందాదారులందరు ఎరిగినదే. ఆ తేదీ వలననే పుస్తకము ఒకరి యింట మరుగునపడక పదిమందికి అందుచున్నది. అట్టలు ఊడిన పుస్తకమును పుటలు చెదరకముందే కుట్టించిననే అది మరియొక పాతికేండ్లు నిలుచును. పుస్తకమునకు వేసిన ఆ తేదీని ఊరిలోని ప్రతి యంత్రమునకు వేయగలిగిననాడు, సుల్తానా పడవ మొదలు తుంగభద్ర గొలుసు వరకు జరిగిన నష్టముల పాఠము వ్యర్థము కానట్లే.